మానసిక జబ్బు మనిషిని డిశ్చార్జి తర్వాత ఇంట్లో చూసుకోవడం ఎలా

నేను మానసిక వార్డులో పనిచేసే నర్సుని. డిశ్చార్జి కాగితం, మందుల సంచీ చేతికొచ్చాక ఇంటివాళ్ళు వార్డు గుమ్మం దగ్గర ఆగి అడిగేది ఒకటే: "సిస్టరమ్మా, ఇంటికి పోయినాక మేమేం చెయ్యాల?" ఉదయగిరి వాళ్ళూ ఇదే అడుగుతారు, కనిగిరి వాళ్ళూ ఇదే అడుగుతారు. అవతల బస్సు టైమైపోతుంటుంది, ఇవతల ఓపీ జనం తోసుకుంటుంటారు, రెండు ముక్కలు చెప్పి పంపేస్తాం. కొన్ని నెలలకే అదే మనిషిని మళ్ళీ తీసుకొస్తారు. ఏం జరిగిందని అడిగితే తరచూ వినబడేవి మూడు: మాత్రలు ఆపేశారు, నిద్ర చెడింది, ముందుగా కనబడిన గుర్తులు ఎవరికీ తెలియలేదు. తీరిగ్గా చెప్పాల్సిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇది స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినబడటం, లేనిపోని అనుమానాలు), బైపోలార్ (కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు దిగులు), తీవ్రమైన డిప్రెషన్ ఉన్న పెద్దవాళ్ళ గురించి. పిలకాయల సంగతి వేరు, వాళ్ళ మందులూ మోతాదులూ వేరు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిశ్చార్జి కాగితం, మందుల చీటీ. రెండింటికీ ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.
- వారానికి సరిపడా గళ్ళున్న మాత్రల డబ్బా. దొరక్కపోతే మందుల షాపు కాగితం కవర్లు చాలు, మీద "సోమవారం పొద్దున", "సోమవారం రాత్రి" అని రాసుకోండి.
- ఒక నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను.
- థర్మామీటరు.
- తాళం పడే పెట్టె.
- గోడ మీద పెద్దక్షరాలతో నంబర్లు: 108, పోలీసులకు 112, టెలీ మానస్ 14416. ఈ మూడోది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను. డబ్బు పడదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.
- చూసుకోవడానికి ఇద్దరు మనుషులు. ఒక్క తల్లి మీదో ఒక్క భార్య మీదో మొత్తం వదిలేసిన ఇళ్ళలో ఆమె ముందు పడిపోతుంది. వారంలో రెండు రోజులైనా రెండో మనిషి బాధ్యత తీసుకోవాలి.

1. గేటు దాటకముందే మందుల చీటీ అడిగి తెలుసుకోండి

ఒక్కో మాత్రను చేతిలో పట్టుకుని అడగండి: ఇది దేనికి, ఎప్పుడు, ఎన్ని, ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి. రిస్పెరిడోన్, ఒలాంజపిన్, హాలోపెరిడాల్ లాంటివి అసలు జబ్బుకు. ప్యాసిటేన్ అని చిన్న మాత్ర ఇస్తే అది వాటివల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికి. ఇంటివాళ్ళు తరచూ రెండోదాన్ని వేసి మొదటిదాన్ని వదిలేస్తారు, ఎందుకంటే రెండోది వేస్తే ఒళ్ళు తేలికైనట్టు ఉంటుంది.

ప్రభుత్వాసుపత్రిలో ఈ నెల తెల్ల మాత్ర ఇస్తే వచ్చే నెల పసుపుది ఇవ్వొచ్చు. కంపెనీ మారింది, మందు అదే. పాత పట్టీ ఇంట్లో మిగిలుంటే అదీ ఇదీ కలిపి రెట్టింపు వేసేస్తారు. పట్టీ మీద పెద్దగా ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్నగా రాసిన మందు పేరూ, మిల్లీగ్రాములూ చూడండి. చదవడం రాకపోతే మీ ఊరి ఏఎన్ఎమ్మమ్మకో ఆశా కార్యకర్తకో చూపించండి. పాతవన్నీ సంచిలో వేసి తర్వాతి ఓపీకి తెచ్చేయండి.

2. మాత్ర చేతికిచ్చి, మింగేదాకా పక్కనే కూర్చోండి

మంచం మీద పడేసి "ఏసుకో" అని వెళ్ళిపోతే ఆ మాత్ర దిండు కిందికి పోతుంది. రోజూ ఒకే టైము పెట్టుకోండి, రాత్రి అన్నం తిన్న వెంటనే అయితే చాలామందికి కుదురుతుంది. గ్లాసు నిండా నీళ్ళిచ్చి, మింగాక ఐదు నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడండి, పొలం సంగతో పెళ్ళి సంగతో. మాట్లాడుతుంటే నాలుక కిందో బుగ్గలోనో దాచిన మాత్ర నిలవదు. బలవంతంగా నోరు తెరిపించి వేలు పెట్టకండి. మాత్ర ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, పైగా మర్నాటి నుంచి ఆ మనిషి మీ చేతి నీళ్ళు కూడా ముట్టడు.

"కాఫీలో కలిపేస్తున్నాం సిస్టర్" అనేవాళ్ళు చాలామంది. వాళ్ళ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఏదో ఒకరోజు కప్పు అడుగున తెల్లటి పొడి కనబడుతుంది. తనకు విషం పెడుతున్నారని అనుమానపడే జబ్బున్న మనిషికి అంతకన్నా రుజువు ఏం కావాలి? ఆ రోజుతో తిండి మానేస్తాడు. పైగా కాఫీ సగం తాగి వదిలేస్తే మందు ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. నెమ్మదిగా కరగడానికి తయారుచేసిన మాత్రల్ని పొడి చేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది.

మింగడానికి ఒప్పుకోకపోతే డాక్టరుతో చెప్పండి, వేరే దారులున్నాయి. నోట్లో కరిగిపోయే మాత్రలు, ద్రవ మందు ఉన్నాయి. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, ఫ్లూఫెనజిన్ అలాంటిదే. రోజూ మాత్ర దగ్గర గొడవపడే ఇళ్ళలో ఈ ఇంజెక్షను వచ్చాక కాస్త ప్రశాంతత వస్తుంది.

ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేయకండి. రెండు రోజులకు మించి ఆగిపోతే మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకుండా ఆసుపత్రికి ఫోను చేయండి. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడేవాళ్ళు ఈ మాట ముఖ్యంగా గుర్తుంచుకోవాలి, దాన్ని మళ్ళీ చిన్న మోతాదు నుంచి పెంచుకుంటూ రావాలి.

సరిగ్గా జరుగుతోందా అని చూసుకోవడం: ప్రతి ఆదివారం మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. మిగలాల్సిన లెక్కకు సరిపోవాలి. దిండు కింద, బాత్‌రూము కిటికీలో, పెరట్లో ఒకసారి కన్నేయండి. దొరికితే తిట్టొద్దు. ఎందుకు వద్దనిపిస్తోందో అడగండి. "నిద్ర ముంచుకొస్తోంది", "సంసారానికి పనికిరాకుండా పోతున్నా" లాంటి అసలు కారణం అప్పుడే బయటపడుతుంది. రెండింటికీ మందు మార్చి చూసే వీలుంది.

3. మొదటి రోజుల్లో దయ్యంలా కనిపించేది మందు ప్రభావం కావచ్చు

కొత్తగా మందు మొదలైన నాలుగైదు రోజుల్లో, ముఖ్యంగా కుర్రవాళ్ళలో, ఒక్కసారిగా మెడ ఒక పక్కకు మెలి తిరుగుతుంది. కళ్ళు పైకెళ్ళిపోయి అక్కడే నిలిచిపోతాయి, నాలుక బయటికొస్తుంది, దవడ బిగుసుకుంటుంది. మాట రాదు, తెలివి మాత్రం పూర్తిగా ఉంటుంది. చూసినవాళ్ళు వణికిపోయి వేపమండలు తెస్తారు. నిజానికి ఇది హాలోపెరిడాల్ లాంటి మందులతో వచ్చే కండరాల బిగుతు. ఆసుపత్రిలో ఒక ఇంజెక్షను వేస్తే అరగంట లోపే సర్దుకుంటుంది. ఆలస్యం చేయకుండా తీసుకెళ్ళండి, ఏం మందు వాడుతున్నారో చీటీ చూపించండి. ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే 108.

ఇంకొకటి దీనికన్నా తప్పుగా అర్థమయ్యేది. మనిషి కూర్చోలేడు, నిలబడలేడు, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, కాళ్ళు ఊపుతూనే ఉంటాడు. "లోపల్నించి పీకుతున్నట్టుంది" అంటాడు. జబ్బు ముదిరిందని ఇంటివాళ్ళు అదే జబ్బు మాత్ర ఇంకొకటి వేస్తారు, ఇంకా ఎక్కువవుతుంది. ఇదీ మందు వల్లే. ఆ బాధ భరించలేక చావాలనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి తేలిగ్గా తీసుకోకండి, మర్నాడే డాక్టరుకు చెప్పండి.

వీటన్నిటిలో ప్రమాదకరమైనది అరుదుగా వస్తుంది: ఎక్కువ జ్వరం, ఒళ్ళంతా కట్టెలా బిగుసుకోవడం, విపరీతమైన చెమట, మాట తికమక. ఈ నాలుగూ కలిసి కనబడితే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. క్లోజపిన్ వాడేవాళ్ళకు జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు రక్తంలో తెల్లకణాలు చూపించాలి.

4. ఎండ, నీళ్ళు, ఉప్పు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీన్ని ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో 43, 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఈ మందుల్లో కొన్ని చెమట పట్టనివ్వవు, దాహం తెలియనివ్వవు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం చేలోకో చీమకుర్తి క్వారీలోకో పంపితే వడదెబ్బ మిగతావాళ్ళకన్నా ముందు వీళ్ళకు తగులుతుంది. పని పొద్దున పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి.

బైపోలార్‌కు ఇచ్చే లిథియం మాత్రలు వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే లిథియం రక్తంలో పెరిగిపోతుంది. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల (ల్యాబు కాగితంలో mEq/L) మధ్య ఉండాల్సింది 1.5 దాటితే విషమవుతుంది. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, తాగినవాడిలా తూలడం, మాట ముద్దగా రావడం దీని గుర్తులు. తాగొచ్చాడని తిట్టి పడుకోబెట్టిన ఇళ్ళున్నాయి. ఇవి కనబడితే మాత్ర ఆపి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రోజూ చేయాల్సింది: నీళ్ళు బాగా తాగించండి, మధ్యాహ్నం ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. అన్నంలో ఉప్పు ఎప్పుడూ ఉండేంత ఉండాలి. బీపీ ఉందని ఎవరో చెబితే ఒక్కసారిగా ఉప్పు మాన్పించకండి, ముందు డాక్టరును అడగండి. ఏకాదశి ఉపవాసమైనా రంజాన్ రోజా అయినా ముందే చెప్పి సలహా తీసుకోండి. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి తెచ్చి వేయొద్దు, అవి లిథియాన్ని పెంచుతాయి. సాధారణంగా పారాసిటమాల్ ఆ పని చేయదు.

5. నిద్రకు కాపలా కాయండి

బైపోలార్ ఉన్న మనిషికి వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోతే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ. మన దగ్గర రాత్రి పనులు తక్కువేం కాదు. పొగాకు సీజనులో ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర తెల్లవార్లూ మంట చూసుకోవాలి. రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లు ఆగకుండా కాపలా ఉండాలి. ఈ మనిషికి పగటి పని ఇచ్చి, రాత్రి పని ఇంట్లో వేరేవాళ్ళు తీసుకోండి. కూలికి వెళ్ళే చోటైతే యజమానికి జబ్బు పేరు చెప్పక్కర్లేదు, "రాత్రి మేలుకుంటే ఫిట్టు లాగా వస్తుంది" లాంటి అబద్ధమూ అక్కర్లేదు. "డాక్టరు రాత్రి డ్యూటీ వద్దన్నాడు" అంటే చాలు.

పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, చావు ఇల్లు, రాత్రి బస్సు ప్రయాణం వచ్చినప్పుడు ముందే ఏర్పాటు చేసుకోండి. పది గంటలకల్లా పడుకోవడానికి చోటు, మాత్ర జేబులో.

6. గొంతులు వినబడుతున్నాయన్నప్పుడు

"ఎవరూ లేరు, నీకు పిచ్చా" అని వాదించకండి. "అవును, నాకూ వినబడుతోంది" అని ఒప్పుకోనూ వద్దు. రెండూ పనిచేయవు. తమ్ముడు ఒకతను వాళ్ళన్నతో మాట్లాడిన పద్ధతి నాకు నచ్చింది, అదే అందరికీ చెబుతుంటాను. "అన్నా, నాకైతే వినబడటంలా. నీకు వినబడుతోందంటే భయంగానే ఉంటది. దా, నాతో గేదెల్ని తోలుకొద్దాం." తన సంగతి నిజంగా చెప్పాడు, అన్న భయాన్ని గుర్తించాడు, చేతికి పని ఇచ్చాడు.

గొంతులు ఏం చెబుతున్నాయో మాత్రం అడగండి. "చచ్చిపో", "వాణ్ణి కొట్టు" అని పురమాయిస్తుంటే అదే రోజు ఆసుపత్రికి రావాలి.

రోజంతా సతాయించడం, పక్కింటి వాళ్ళ ముందు తీసిపారేయడం జబ్బును తిరగబెడతాయి. స్నానం చేయలేదంటే సోమరితనం అనుకోవద్దు, జబ్బే మనిషిని అట్లా చేస్తుంది. "స్నానం చెయ్" అని పదిసార్లు అనేకన్నా బకెట్టులో నీళ్ళు తోడి, తువ్వాలు చేతిలో పెట్టండి.

7. పురుగుమందు ఇంట్లో ఉండకూడదు

డిశ్చార్జి అయిన తొలి వారాల్లో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోగా మనిషిని కాపాడుకోవాలి. మిరప చేలోకి తెచ్చిన డబ్బా, గడ్డిమందు, ఎలుకల మందు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తాళం వేసిన పెట్టెలో పెట్టండి. తాళం చెవి ఒంటి మీదే ఉంచుకోండి. పురుగుమందులైతే చేలో షెడ్డులోనో బంధువుల ఇంట్లోనో పెట్టడం మేలు. గడ్డిమందుల్లో పారాక్వాట్ అనేదానికి విరుగుడు లేదు.

"చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు, అట్లా జరగదు. అవునంటే ఒంటరిగా వదలకండి, 14416కు చేయండి లేదా ఆసుపత్రికి తీసుకురండి. ఏదైనా తాగేస్తే ఉప్పునీళ్ళు పోసి కక్కించవద్దు, డబ్బా కూడా తీసుకుని 108 ఎక్కండి. కేసవుతుందని దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

8. ఉద్రేకం వచ్చినప్పుడు

ఒక్కరే మాట్లాడండి. మిగతావాళ్ళు, ముఖ్యంగా పిలకాయలు, బయటికి వెళ్ళాలి. రెండు చేతుల దూరంలో పక్కకు తిరిగి నిలబడండి, గుమ్మం మూసేలా నిలబడొద్దు. టీవీ ఆపండి. చిన్న మాటలు, నెమ్మది గొంతు. తగ్గకపోతే 108, చేతిలో కత్తో కర్రో ఉంటే 112.

గొలుసు వేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టమే గొలుసులు నిషేధించింది. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. ఏఎస్ పేట దర్గాకో ఇంకో పుణ్యక్షేత్రానికో తీసుకెళ్ళాలనుకుంటే మేం అడ్డు చెప్పం, అక్కడ మనసుకు ధైర్యం దొరుకుతుందంటే మంచిదే. మాత్రల డబ్బా సంచిలో ఉండాలి, అక్కడున్నన్ని రోజులూ వేయాలి.

9. బాగయ్యాడు కదా, ఆపేద్దామా?

అందరూ చేసే తప్పు ఇదే. నవ్వుతున్నాడు, పనికెళ్తున్నాడు, ఇంకెందుకు మాత్ర? మాత్ర పనిచేస్తోంది కాబట్టే పనికెళ్తున్నాడు. ఆపిన వారంలో ఏమీ జరగదు, కాబట్టి ఆపడం మంచిదే అయిందనుకుంటారు. రెండు మూడు నెలలకు తిరగబెడుతుంది, అప్పటికి ఆపిన సంగతే మర్చిపోయి ఉంటారు. మందు తగ్గించే రోజు వస్తే డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తారు.

పెళ్ళి కుదిరిందని అమ్మాయికి మాత్రలు ఆపేవాళ్ళున్నారు. అత్తారింట్లో మొదటి నెలలోనే జబ్బు బయటపడి, మోసం చేశారన్న మాట కూడా పడుతుంది. ఆపకుండా ముందు డాక్టరు దగ్గరికి తీసుకురండి. బైపోలార్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు కడుపులో బిడ్డకు మంచివి కావు, గర్భం రాకముందే వేరే మందుకు మార్చాలి.

10. నోటుబుక్కులో రోజుకు నాలుగు గీతలు

నిద్ర ఎన్ని గంటలు, మాత్ర పడిందా, తిన్నాడా, ఇవాళ కొత్తగా ఏముంది. అంతే. ఇట్లా: "మంగళ. నిద్ర 4 గంటలు. రాత్రి మాత్ర వేశా. మధ్యాహ్నం తినలా. కిటికీలు మూసి కూర్చున్నాడు." తేదీ తప్పక ఉండాలి.

ఒక్కొక్కరికి తిరగబెట్టే ముందు ఒక్కో గుర్తు ఉంటుంది. ఒకరు గడ్డం గీసుకోవడం మానేస్తారు, ఒకామె పట్టుచీరలన్నీ బయటికి తీసి పంచేస్తుంది, ఇంకొకరు అర్ధరాత్రి బంధువులందరికీ ఫోన్లు చేస్తారు. పోయినసారి ఆసుపత్రికి రాకముందు రెండు వారాల్లో ఏం మారిందో ఇంట్లో అందరూ కూర్చుని గుర్తు చేసుకుని, పుస్తకం మొదటి పేజీలో రాయండి. ఆ మనిషినీ అడగండి, బాగున్నప్పుడు వాళ్ళే చక్కగా చెబుతారు. అందులో రెండు కనబడితే తర్వాతి ఓపీ తేదీ దాకా ఆగొద్దు.

ఓపీకి వచ్చేటప్పుడు

నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ ఒంగోలు రిమ్స్‌లోనూ మానసిక విభాగం ఉంది. మందులు అయిపోయిన రోజు కాకుండా వారం ముందే బయల్దేరండి. నోటుబుక్కు, ఖాళీ పట్టీలు తెండి. "బానే ఉన్నాడు సార్" అని ఒక్క మాటలో తేల్చకుండా పుస్తకం డాక్టరు ముందు పెట్టండి. ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి వాటితో బరువూ షుగరూ పెరుగుతాయి, నెలనెలా బరువు రాసుకుని రండి. బీడీ, సిగరెట్టు కాల్చే మనిషి మానేస్తే అదీ చెప్పండి, ఈ రెండు మందుల మోతాదు రక్తంలో పెరుగుతుంది. జబ్బు ఏళ్ళ తరబడి ఉండి పని చేసుకోలేకపోతుంటే సదరం సర్టిఫికెట్టు గురించి అడగండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ఇస్తే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6000 రూపాయల పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

లిథియం వాడేవాళ్ళకు రక్తపరీక్ష ఉన్న రోజు రాత్రి మాత్రకూ రక్తం తీయడానికీ మధ్య 12 గంటలు ఉండాలి. రాత్రి తొమ్మిదికి వేస్తే పొద్దున తొమ్మిదికి ల్యాబు దగ్గర ఉండండి, పొద్దుటి మాత్ర సంచిలో తెచ్చుకుని రక్తం ఇచ్చాక వేసుకోమనండి.